కమాను కింద దూరిన రథం

ముందే ఒక సంగతి ఒప్పుకుంటే మీకూ సుఖం, నాకూ సుఖం. నేను పెంచి చెబుతాను. ఇది మా ఇంటిల్లిపాదికీ తెలుసు. నేను "బజారు నిండా జనం" అంటే మా ఆవిడ ఆరుగురని లెక్కేసుకుంటుంది. "కుండపోత వాన" అంటే గొడుగు తియ్యదు, కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి చూస్తుంది. కాబట్టి నేను చెప్పబోయేదాంట్లో ఎత్తులూ బరువులూ జనసంఖ్యా మీకు తోచినంత తగ్గించుకోండి, నేనేమీ అనుకోను. ఇందులో అచ్చంగా కల్పించిన ముక్క మాత్రం ఒకటుంది. అదేదో చివర్లో నేనే చెబుతాను. మధ్యలో ఆపి అడిగితే తాళం తప్పి ఇంకో రెండు కల్పించేస్తాను.

ఆ రోజుల్లో, అంటే కూడలి కూడలికీ ఒక టెంటు వేసి మా రాష్ట్రం మాకు కావాలని జనం వంతులవారీగా కూర్చుంటున్న రోజుల్లో, మా ఊరు అంతకన్నా చిన్న కోరిక ఒకటి పెట్టుకుంది. రాష్ట్రం ఎలాగూ వస్తుంది, ముందు మా ఊరు మాకు కావాలి అని. మా ఊరి పేరు రాతిగడప. గోదావరిఖనికి కూతవేటు దూరం (నా కూతకు, మీ కూతకైతే ఆటో ఎక్కాలి). పూర్వం ఎవరో రాజు నర్సింహస్వామికి గుడి కట్టిద్దామని ముహూర్తం పెట్టి ముందుగా గడప చెక్కించాడట. ఒకే రాయి. దాని మీద ఏనుగులు, హంసలు, మల్లయోధులు, మద్దెల వాయించేవాళ్ళు, ఒక మూలన జుట్టు ముడి వేసుకుంటున్న ఆడమనిషి. శిల్పి చెక్కుతూ చెక్కుతూ ఉండగానే రాజుకు నడుము వంగింది. ఇక లాభం లేదని మిగతా గుడి గబగబా లేపేశారు. అందుకే మా గుడికి గడప రాజ్యమంత, గోపురం జొన్నకంకంత. చరిత్ర చదువుకున్నవాళ్ళు వస్తే గోపురం వంక తలెత్తి చూడరు, గడప ముందు బోర్లా పడుకుని ఫోటోలు తీసుకుంటారు. వాళ్ళు సాష్టాంగపడ్డారనుకుని మా అయ్యగారు వీపుల మీద తీర్థం చల్లిన సందర్భాలు నాకు తెలిసి పది (మూడు).

అలాంటి ఊరిని పక్కనున్న పట్నం మెల్లమెల్లగా తనలో కలుపుకుంది. ఆ పట్నం పేరు చెప్పను. చెబితే ఇంకో నోటీసు పంపుతారు. నేల కింద బొగ్గుంది, బొగ్గు కోసం మనుషులొచ్చారు, మనుషుల కోసం క్వార్టర్లొచ్చాయి, క్వార్టర్ల కోసం చికెన్ సెంటర్లు, మొబైల్ షాపులు, ఫ్యాన్సీ స్టోర్లు వచ్చాయి. పడమటి చెలక ఒక ఏడు పోయింది, ఉత్తరాన పశువులు మేసే బీడు మరో ఏడు పోయింది. చివరికి ఒకనాడు కాగితమొకటి వచ్చింది. రాతిగడప ఇకనుంచి ముప్పై ఒకటో వార్డు అని. అంతే. వందల ఏళ్ళ ఊరు బస్సులో సీటు నంబరులా అయిపోయింది. ఆ సంతోషంలో పట్నంవాళ్ళు మా ఊరి నడిమధ్యన, గుడి నుంచి తూర్పుకు పోయే రోడ్డు మీద, ఒక సిమెంటు కమాను కట్టారు. అటునుంచి చూస్తే "పట్టణానికి స్వాగతం", ఇటునుంచి చూస్తే "ధన్యవాదాలు, మళ్ళీ రండి". మా ఇల్లు గుడి వైపు, కూరగాయలు అటు వైపు. రోజూ పొద్దున మా పెద్దమ్మ సంచి పట్టుకుని వంకాయలకు పోతుంటే కమాను ధన్యవాదాలు చెప్పి సాగనంపేది, వంకాయలతో తిరిగొస్తుంటే స్వాగతం పలికేది. నెల రోజులు ఓర్చుకుని ఒకనాడు మా పెద్దమ్మ కమాను కింద నిలబడి, "మా ఊర్ల మేముంటె మమ్ముల రమ్మనుడేంది, పొమ్మనుడేంది" అని దాన్నే నిలదీసింది. కమాను జవాబు చెప్పలేదు గానీ, బొగ్గు లారీలు దూరకుండా దానికి అడ్డంగా కిందికొక ఇనుప దూలం బిగించారు. అసలు కథ ఆ దూలంతో మొదలైంది.

దానికి ముందు నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. మా బాపు పోయాక ఆయన ఉద్యోగం నాకొచ్చింది. గనిలో బదిలీ వర్కరును, అంటే ఎవరైనా రాని రోజున వాళ్ళ చోట బొగ్గెత్తే తట్టా చెమ్మసూ పట్టేవాణ్ణి. వయసు ఇరవై మూడు. తల నిండా జుట్టు, జుట్టు నిండా నూనె, నూనె నిండా బొగ్గుపొడి. గనిలో చేరిన మొదటి రోజు హాజరు రాసుకునే మస్టరు గుమస్తా ఏ ఊరని అడిగితే, నేను వెనకున్నవాళ్ళకు కూడా వినిపించేట్టు పట్నం పేరు చెప్పి, "వార్డు నంబర్ థర్టీ వన్" అన్నాను. రాతిగడప అంటే పల్లెటూరివాడనుకుంటారని భయం. నా వెనక వరసలో ఉన్నవాళ్ళంతా పల్లెల నుంచి సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళే, అది వేరే సంగతి. ఆ మాట సాయంత్రానికల్లా మా పెద్దబాపు చెవిన పడింది. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం ముందు కూర్చుని, "మన ఊరి పేరు పలుకుతె నోరు కాలుతదారా?" అని ఒక్క ముక్క అడిగాడు. నేను పప్పులో ముఖం పెట్టుకున్నాను.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. గనిలో ముప్పై ఐదేళ్ళు టింబర్‌మన్‌గా చేసి దిగిపోయాడు. గని కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి చెక్కలు దిగ్గొట్టే పని. కర్రతో కప్పును తట్టి, చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో గుల్లగా ఉందో చెప్పేవాడు. ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు గోడను తట్టేవాడు. గుమ్మడికాయను తట్టేవాడు, గ్యాసు సిలిండరును తట్టేవాడు, పరీక్ష తప్పిన ఏడాది నా తలను కూడా తట్టి "గుల్ల" అని తేల్చాడు. ఊళ్ళో ఆయనకు తరతరాలుగా వచ్చిన హక్కొకటి ఉంది. స్వామి రథోత్సవం నాడు రథం తూర్పు పొలిమేర రాయి దగ్గర ఆగుతుంది. అప్పుడు మా ఇంటి పెద్ద ముందుకొచ్చి ఊరి పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పిలిచినప్పుడల్లా ఊరంతా "ఉన్నం" అని పలకాలి. అంతే పని. చూసేవాళ్ళకు పిల్లలాటలా ఉంటుంది. మా పెద్దబాపుకు మాత్రం అది మస్టరు. "మస్టర్ల పేరు పిలిచినప్పుడు పలుకకపోతె ఏమైతదిరా? నాగా పడ్తది. నాగాలెక్కువైతె పేరు కొట్టేస్తరు. ఊరికి గూడ గంతే" అనేవాడు. ఒక్క ఏడు పేరు పిలవకపోతే ఆ ఊరు ఇక ఊరు కాదని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళలో కరువొచ్చినా కలరా వచ్చినా ఆ పిలుపు తప్పలేదు. ఇప్పుడు తప్పేట్టుంది. రథం కలశం కమాను దూలం కన్నా రెండడుగుల మూడంగుళాలు ఎత్తు. పొలిమేర రాయి కమానుకు అవతల.

ఆ రాయి ఎక్కడుందో కూడా చెబితే మీకు పరిస్థితి పూర్తిగా అర్థమవుతుంది. పట్నం పెరిగి పెరిగి తూర్పు పొలిమేర దాటి పోయింది. పొలిమేర రాయి చుట్టూ గోడ కట్టారు, గోడలోపల పట్నం ఆఫీసు కట్టారు. రాయి సరిగ్గా ఆ ఆఫీసు స్కూటర్ల షెడ్డులో పడింది. స్కూటర్లు గుద్దుకోకుండా దానికి పసుపూ నలుపూ చారలు వేశారు. రోజూ దానికి స్కూటరు ఆనించి, దాని నెత్తిన హెల్మెట్టు పెట్టి లోపలికి పోయేవాడు మా కథలో ఇంకో పెద్దమనిషి, టేపు సారు. పట్నం ఆఫీసులో ఇంజనీరు. నగరం నుంచి బదిలీ మీద వచ్చాడు. ఎప్పుడూ చేతిలో కొలిచే టేపు ఉండేది. మనిషి చెడ్డవాడు కాదు. పలకరిస్తే నవ్వేవాడు, నవ్వుతూ కూడా ఎదుటివాడి వెడల్పు కళ్ళతో కొలిచేవాడు.

రథోత్సవం రెండు వారాలుందనగా పెద్దబాపు, అయ్యగారు, నేను ఆయన దగ్గరికి పోయాం. (నేను పోయింది పెద్దబాపు చెయ్యి పట్టుకోవడానికి. ఆయనకు అప్పటికే దగ్గు. ముప్పై ఐదేళ్ళ బొగ్గుపొడి ఛాతీలో కాపురముంటోంది. పది అడుగులు నడిస్తే ఒకసారి ఆగి దగ్గాలి.) ఆ ఒక్కరోజుకు దూలం విప్పించండని అడిగాం. టేపు సారు చాలా మర్యాదగా కుర్చీలు వేయించి, దూలం విప్పాలంటే కమాను కదులుతుందనీ, కమాను కదిలితే దాన్ని ప్రారంభించిన పెద్దలు కదులుతారనీ వివరించాడు. ఆ తర్వాత తనకు తట్టిన గొప్ప ఉపాయం చెప్పాడు.

"రథం మీద కలశం తీసేయండి. చేత్తో పట్టుకుని నడవండి. కమాను దాటాక మళ్ళీ పెట్టుకోవచ్చు. సంప్రదాయాలను కూడా కాలానికి తగ్గట్టు సవరించుకోవాలి కదండీ."

పెద్దబాపు ఆయన బల్లను కర్రతో ఒకసారి తట్టాడు. "సారూ, మీ ఇంట్ల దర్వాజ ఎత్తు తక్కువున్నదనుకో. వంగి పోతవా, తలకాయ తీసి చేతుల పట్టుకోని పోతవా?"

టేపు సారు నవ్వాడు గానీ మరునాడే కాగితం పంపించాడు. కమానును ముట్టరాదు, కోయరాదు, ఎత్తరాదు, దూలానికి ఏ వస్తువునూ ఆనించరాదు, ఆనించినచో చర్యలు తీసుకోబడును. ఇకపై ముప్పై ఒకటో వార్డు ఉత్సవాలు గుడి ప్రహరీ లోపల జరుపుకొనుట మంచిది అని చివర్లో సలహా కూడా ఉంది. ఆ కాగితం ఊరంతా తిరిగింది. ఒకరు ధర్నా అన్నారు, ఒకరు కోర్టన్నారు, కుర్రాళ్ళం కొందరం రంపాలు నూరుతామన్నాం. పెద్దబాపు మాత్రం గుడి గడప మీద కూర్చుని, ఆ జుట్టు ముడివేసుకునే రాతి ఆడమనిషి పక్కన చెయ్యి ఆనించి, రోడ్డు చివర కమానును చూస్తూ ఉండిపోయాడు. ఆయన అలా మాట్లాడకుండా కూర్చోవడం నేను చూసింది రెండేసార్లు. మొదటిసారి మా బాపు పోయిన రోజు.

కాగితం చివరికి సర్దారన్న చేతికొచ్చింది. సర్దారన్న మా గనిలో మైనింగ్ సర్దారు, మా ముఠాకు పెద్ద. వాళ్ళ తాత కాలం నుంచీ గని పనే. ఆదివారం చర్చిలో పాడితే పాట మా గుడిదాకా వినిపించేది (ఇది పెంచింది కాదు, మైకు పెట్టేవాళ్ళు). ఆయన కాగితాన్ని మూడుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, పెద్దబాపు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దబాపూ, ఇందుల కమాను ముచ్చటనే ఉన్నది. నేల ముచ్చట లేదు."

పెద్దబాపు తలెత్తాడు.

"గనిల కప్పు తక్కువైతె ఏం చేస్తం? కప్పు జోలికి పోతమా? నేలను చెక్కుతం. మా ప్రభువు గాడిద మీద వచ్చిండు, ఆయనకు కమాను బాధ లేకుండె. మీ స్వామికి ఎత్తెక్కువ. రోడ్డునే దించుదాం."

బయటివాళ్ళకు ఇది పిచ్చిగా తోస్తుంది. గనివాళ్ళకు ఇంతకన్నా మామూలు సంగతి ఇంకోటి లేదు. భూమి లోపల దారిలో తల తగిలితే పైకప్పును ఎవడూ కెలకడు, ప్రాణం మీదికొస్తుంది. కింద నేలను చెక్కి ఎత్తు చేసుకుంటారు. పట్నంవాళ్ళు పైకి చూసి ఆలోచించారు, మావాళ్ళు కిందికి చూసి ఆలోచించారు. పెద్దబాపు లేచి, కర్రతో రోడ్డును తట్టి విని, "మొత్తం మొరం మట్టే. ఒక్క షిఫ్టు పని" అన్నాడు. ఆయన కళ్ళలోకి దుంగలు దిగ్గొట్టే మనిషి తిరిగొచ్చాడు.

రథోత్సవం నాడు మా గనిలో మొదటి షిఫ్టుకు నాలుగు వందల మంది నాగా పెట్టారు (సరే, నలభై మంది). పట్టపగలు, సూర్యుడి ఎదుట, కమాను కింద పని మొదలైంది. దొంగతనంగా చెయ్యొద్దని పెద్దబాపు ముందే చెప్పాడు. మన ఊళ్ళో మనం తవ్వుకోవడానికి ఎవరికీ భయపడక్కర్లేదన్నాడు. నిజానికి భయపడే అవసరమే రాలేదు. ఆ పట్నంలో నల్లా పైపులకనీ ఫోను తీగలకనీ రోడ్డు తవ్వని నెల ఉండేది కాదు. తలకు టోపీలూ చేతుల్లో గడ్డపారలూ ఉన్న నలభై మందిని చూసి జనం పట్నమే తవ్విస్తోందనుకున్నారు. చాయ్ హోటలాయన బయటికొచ్చి, నిన్నగాక మొన్న పూడ్చి మళ్ళీ తవ్వుతున్నారా, మీకు పనీపాటా లేదా అని మమ్మల్ని తిట్టి, తిట్టాక మనసొప్పక అందరికీ చాయ్ ఇచ్చాడు. ఒక ట్రాఫిక్ కానిస్టేబులైతే వాహనాలను పక్క సందులోకి మళ్ళించి, మాకోసం అడ్డంగా రెండు డ్రమ్ములు పెట్టించాడు. నాకు తవ్విన మొరం తట్టల్లో ఎత్తి పక్కన పోసే పని పడింది. గనిలో అదే పనికి పొద్దంతా మూలిగేవాణ్ణి, ఆ రోజు ఎందుకో మూలగడం గుర్తురాలేదు. మధ్యాహ్నానికల్లా కమాను కింద రెండున్నర అడుగుల లోతున చాపలాంటి సాపు నేల, దానికి అటొక వాలు, ఇటొక వాలు తయారయ్యాయి. పెద్దబాపు వాలు మీద బిందెడు నీళ్ళు పోయించి అవి పారిన తీరు చూసి ఒప్పుకున్నాడు.

రథాన్ని ఆ వాలులోకి దించి మళ్ళీ ఎక్కించడం మాటలు కాదు. ముందు మోకు పట్టుకున్నవాళ్ళకు వెనక రథం ఎక్కడుందో కనపడదు. ఇదీ మావాళ్ళకు కొత్త కాదు. గనిలో బొగ్గు టబ్బు బండ్లను మోకుతో గుంజేటప్పుడు గుంజేవాడు ఒకచోట, టబ్బులు ఇంకోచోట, మధ్యలో గంట. అదే లెక్క ఇక్కడా పెట్టారు. రథం ముందు వేలాడే ఇత్తడి గంటకు తాడు కట్టి సర్దారన్న పట్టుకున్నాడు. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే మెల్లగా దించాలి, మూడు కొడితే గుంజాలి. వెనక్కి తిరిగి చూడొద్దు, నోటి మాట వినొద్దు, గంటే దేవుడు. పెద్దబాపు చక్రాల దగ్గర కూర్చుని ఆగినప్పుడల్లా చెక్కలు దిగ్గొడుతూ, కదిలేటప్పుడు లాగేస్తూ ఉన్నాడు. ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసినవాళ్ళం, ఈ గంట లెక్క సంగతి రథం మీదున్న అయ్యగారికి చెప్పడం మరిచిపోయాం. చెప్పినా లాభముండేది కాదు. ఆయనకు వినికిడి తక్కువ.

రెండు కొట్టారు, రథం దిగింది. ఒకటి కొట్టారు, ఆగింది. కలశం దూలం కిందికి సరిగ్గా వచ్చి నిలిచింది. మధ్య సందు నాలుగు వేళ్ళు. సరిగ్గా అప్పుడే టేపు సారు స్కూటరు దిగాడు. గుంతను చూశాడు, రథాన్ని చూశాడు, డ్రమ్ములను చూశాడు, కానిస్టేబులును చూశాడు. ఆయన ముఖంలో కోపం కన్నా ఎక్కువగా ఒక ఇంజనీరు అసూయ కనపడిందని నేను ఇప్పటికీ అంటాను. సర్దారన్న గంట తాడు వదిలి, జేబులోంచి కాగితం తీసి చూపించాడు.

"ముట్టలే, కొయ్యలే, ఎత్తలే, ఆనించలే. చదువుకోండ్రి సారూ."

ఆనించలేదని నేను కొలిచి చూడాలి అన్నాడు టేపు సారు. కొలుచుకోమన్నాం. ఆయన చెప్పులు విడిచి (అది మాత్రం మరవలేదు) రథమెక్కి, స్వామి పక్కనుంచి పైకి చెయ్యి చాచి, టేపు కొసను దూలానికి తగిలించి, కలశం దాకా లాగి, కళ్ళు చికిలించి అంకె చూస్తున్నాడు. స్వామి ఏ గడప దాటినా హారతివ్వడం మా అయ్యగారి ఆనవాయితీ. కమాను ఆయనకు గడపలానే కనపడింది. కర్పూరం వెలిగించారు. ఎడమ చేత్తో రథం గంట తాడు అందుకున్నారు. టంగ్, టంగ్, టంగ్.

మూడు.

పెద్దబాపు చేతులు ముప్పై ఐదేళ్ళ అలవాటు కొద్దీ చెక్కలు లాగేశాయి. నలభై మంది ఒక్క పెట్టున గుంజారు. రథం వాలు మీదికి ఎగబాకింది. టేపు సారు టేపు వదిలేసి స్వామి ముందున్న కంబాన్ని కౌగిలించుకున్నాడు. పసుపురంగు టేపు పెట్టెలోంచి గరగరా ఊడుతూ దూలానికి వేలాడిపోయింది. సర్దారన్న ఆపండని అరిచాడు, కానీ నోటి మాట వినొద్దని చెప్పింది ఆయనే. ఆపాలంటే ఒక్కటే గంట కొట్టాలి, తాడేమో అయ్యగారి చేతిలో ఉంది. రథం ఇలా పరుగెత్తడం ఆయన ఎప్పుడూ చూడలేదు, హడలిపోయి స్వామిని తలుచుకుంటూ గంట ఎడాపెడా వాయించారు. ముందున్నవాళ్ళు దాన్ని మూళ్ళ లెక్కన విన్నారు. మూడు, మూడు, ఇంకో మూడు. ఇంత గట్టిగా గుంజమంటున్నారంటే వెనక ఏదో కొంప మునుగుతోందనుకుని ప్రాణాలు పెట్టి గుంజారు. మా రథం గుడి నుంచి పొలిమేరకు పోవడానికి మామూలుగా పూట పడుతుంది. ఆ రోజు చాయ్ చల్లారేలోపల పోయింది.

పట్నం ఆఫీసు గేటు ఆ రోజు మూసే ఉంచాలని టేపు సారే పొద్దున ఆర్డరు వేసి పోయాడట. అటెండరు దూరం నుంచి చూశాడు. మోకుతో జనం, జనం వెనక రథం, రథం మీద తమ సారు, సారు మెడలో ఊడిపడిన స్వామి దండ. ఇక ఆర్డరెవరికి గుర్తుంటుంది? గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పక్కకు జరిగి దండం పెట్టాడు. రథం నేరుగా స్కూటర్ల షెడ్డు ముందు, పసుపూ నలుపూ చారల రాయికి మూరెడు దూరంలో ఆగింది. అయ్యగారి చెయ్యి నొప్పిపుట్టింది కాబోలు, చివరి దెబ్బ ఒక్కటే పడింది.

అప్పుడు పెద్దబాపు ముందుకొచ్చాడు. కర్రతో పొలిమేర రాయిని తట్టి, చెవి పెట్టి విని, "గట్టిగున్నది" అన్నాడు. తలపాగా సవరించుకున్నాడు. నోరు తెరిచి ఊరి పేరు పిలిచాడు. ఆ పిలుపుకు షెడ్డు రేకులు దడదడలాడాయి. జ్యోతినగర్ క్వార్టర్లలో టీవీల గొంతు తగ్గించి ఇదేమిటని చూశారు. గోదావరి దాటి జైపూర్‌లో ఎడ్లు ఆగిపోయాయి. ఎక్కడో దూరాన గోలేటిలో మా చుట్టమొకాయన అన్నం తింటూ, రాతిగడపలో రథం చేరినట్టుందే అన్నాడట. మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ జనం "ఉన్నం" అన్నారు. మూడోసారి రథం మీద నుంచి, కంబాన్ని ఇంకా వదలకుండానే, టేపు సారు కూడా సన్నగా "ఉన్నాను" అన్నాడు. ఆయన ఊరికి పలికాడో, ప్రాణాలతో ఉన్నాననే చెప్పాడో నేను అడగలేదు.

పొద్దు గూకకముందే గుంతలో గోదావరి ఇసుక నింపి, నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టాం. గనిలో బొగ్గు తీసిన చోట నింపే పద్ధతే. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పట్నం రోడ్లన్నిటిలో గుంట పడని ముక్క అదొక్కటే. చర్యలు తీసుకోబడును అన్న కాగితం మళ్ళీ రాలేదు. పై ఏడు రథోత్సవానికి నెల ముందు ఎవరూ అడక్కుండానే దూలాన్ని రెండున్నర అడుగులు పైకి జరిపి బిగించారు. ఎవరు చేయించారో రాతపూర్వకంగా ఎక్కడా లేదు. టేపు సారు అప్పటికి బదిలీ అయ్యాడు. పోయేముందు స్కూటర్ల షెడ్డులో ఆ రాయి చుట్టూ నాలుగడుగుల జాగా కొలిచి సున్నపు గీత గీయించి పోయాడని అటెండరు చెప్పాడు.

ఇక మాట ప్రకారం ఒప్పుకోవాలి. ఇంజనీరు రథమెక్కిన సంగతే నేను కల్పించిందని మీరీపాటికి తేల్చేసుంటారు. కాదు. అది అక్షరాలా జరిగింది, ఆ టేపు ఏడాదిపాటు దూలానికి వేలాడింది కూడా. నేను కల్పించింది పెద్దబాపు గొంతు.

ఆ రోజు ఆయనకు గొంతు రాలేదు. చక్రాల వెనక పరుగెత్తి వచ్చాడు కదా, రాయిని తట్టి తలపాగా సవరించుకుని నోరు తెరిస్తే దగ్గు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ దగ్గే. నలభై మంది చెమటలు తుడుచుకోవడం కూడా మానేసి ఆయన నోటి వంకే చూస్తున్నారు. ఆయన ఒక చెయ్యి రాయి మీద ఆనించుకుని రెండో చేత్తో నా మెడ పట్టుకుని ముందుకు లాగాడు. "పిలువురా," అన్నాడు, ఊపిరితోనే. మస్టరు గుమస్తా ముందు థర్టీ వన్ అన్న నోరది. తెరిస్తే కీచుమని ఒక శబ్దం వచ్చింది, మేకపిల్ల తప్పిపోయినట్టు. షెడ్డు రేకులు కదల్లేదు. గేటు దగ్గరున్న అటెండరుకు కూడా సరిగ్గా వినపడి ఉండదు. "రాతిగడపా" అన్నాను.

రాష్ట్రం వచ్చింది. కాగితాల మీద మేమింకా ముప్పై ఒకటో వార్డే. పెద్దబాపు పోయి చాలా ఏళ్ళయింది. ఏటా ఆ రాయి దగ్గర నేనే పిలుస్తున్నాను, నా గొంతు గోలేటి దాకా పోతుందని మా పిల్లలకు చెబుతున్నాను, మా ఆవిడ కిటికీలోంచి వాన చూసినట్టు నా వంక చూస్తోంది. నిజమే, ఆ నూనె జుట్టువాడి కీచుగొంతే ఇప్పటికీ నా గొంతు, జుట్టు ఒక్కటే పోయింది. మిగతావన్నీ మీ ఇష్టం వచ్చినంత తగ్గించుకోండి. ఆ రోజు నా కీచుగొంతు ఆగిన మరుక్షణం, మోకులు పట్టుకునీ, గోడలెక్కీ, స్కూటర్ల మధ్య ఇరుక్కునీ నిలబడ్డ ఊరంతా "ఉన్నం" అంది. ఆ ఒక్క ముక్కను నేను ఎన్నడూ పిసరంత కూడా పెంచలేదు.